సోమన్న మామిడి, బుద్రమ్మ కంది

తరుగు తీసి చదవండి

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. నేను గోరంతను కొండంత చేసి చెబుతాను. పద్నాలుగేళ్లు కొండల్లో తిరిగినవాణ్ణి, గోరంతలు నాకు పెద్దగా తగల్లేదు. మా ఆవిడ నా మాటలు వినేటప్పుడు సంతలో షావుకారు పసుపుకు తీసినట్టు తరుగు తీస్తుంది. మట్టికి కొంత, తేమకు కొంత, గోనెసంచికి కొంత. పోగా మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. పూర్తిగా కల్పించిన ముక్క మాత్రం ఇందులో ఒక్కటే ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఇది అరకు చుట్టుపక్కల ఊళ్లలో కొత్తగా వేలిముద్రల మిషను పట్టుకుని తిరగబోయే పిల్లల కోసం రాస్తున్నాను. మిషను ఎలా నొక్కాలో మీకు శిక్షణలో చెబుతారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు.

నా పని ఏమిటంటే

నన్ను బ్యాంకు ఉద్యోగి అనకూడదు. బ్యాంకు తరఫున ఊళ్లు తిరిగి, ఖాతాలు తెరిచి, కమిషను తీసుకునే మనిషిని. జీతం లేదు, సెలవు లేదు, బ్యాంకులో కూర్చోవడానికి కుర్చీ లేదు. కొండ మీద మాత్రం అందరూ బేంకు బాబు అనేవారు. బ్యాంకులో నన్ను "ఏయ్, మిషనూ" అని పిలిచేవారు. రెండు పేర్లకూ పలికేవాణ్ణి.

యాభై మూడో ఏట మానేశాను. మోకాళ్లు ముందు రిటైరయ్యాయి. వాటిని ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ వెళ్లాను.

చలి సంగతి కూడా చెప్పాలి. లంబసింగిలో ఒక జనవరి పొద్దున ఒకాయన మిషను మీద బొటనవేలు పెట్టి తీశాడు. వేలు వచ్చింది, ముద్ర రాలేదు. గడ్డకట్టి అద్దం మీదే ఉండిపోయింది. ఎండ వచ్చేదాకా ఆగి, కరిగాక బ్యాంకుకు పంపాను.

నేను ఎక్కువగా చేయించింది పెన్షను ఖాతాలు. జీతగాళ్లకు కాదు, ఎవరి పని వాళ్లు చేసుకునేవాళ్లకు. కాఫీ తోట ఉన్నవాళ్లు, పసుపు పండించేవాళ్లు, చింతపండు, అడ్డాకులు అమ్ముకునేవాళ్లు. అరవై ఏళ్లు వచ్చేదాకా తమ డబ్బు తామే వేసుకుంటూ పోవాలి, ఆ తర్వాత నెలనెలా పెన్షను తీసుకోవాలి. శిక్షణలో మాకు ఒక వాక్యం నేర్పారు: "పన్ను పోగా మిగిలిన ఆదాయంలోంచి చందా కట్టవలెను." ఆ వాక్యాన్ని భుజాన వేసుకుని హుకుంపేట మండలంలో ఒక ఊరు ఎక్కాను. ఊరి పేరు చెప్పను. చెబితే సంతలో పట్టుకుంటారు.

"పన్నంటే మాకు నేదు గదా బాబూ" అన్నాడు పాంగి సోమన్న. యాభై ఏళ్ల మనిషి, ఆ ఊరికి పెద్ద గొంతు. "పంటకి పన్ను నేదని ఎమ్మార్వో సెప్పినాడు."

పక్కనే రాయి మీద కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్న కిల్లో బుద్రమ్మ తల ఎత్తకుండానే అంది. "నేకేటి? షావుకారు తరుగు పన్ను గాదా? సంతలో ఆశీలు పన్ను గాదా? జీపోడు మనిసికో రేటు, మూటకో రేటు తీస్తన్నాడు, అది పన్ను గాదా? మా ఆయన బతికున్నప్పుడు సారా కొట్టుకి కట్టినాడు సూడు, అన్నిటికన్నా పెద్ద పన్ను అదే."

పన్ను పోగా మిగిలిన ఆదాయం అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే. శిక్షణ ఇచ్చినాయనకు ఇప్పటికీ తెలియదు.

యజమాని వాటా

బుద్రమ్మ గురించి చెప్పాలి, ఈ కథంతా ఆమెదే. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. మొగుడు కల్లు గీయడానికి జీలుగు చెట్టెక్కి, పడి చనిపోయాడు. పిల్లలు లేరు. మరిది ఇంటి పక్కనే చిన్న పాక, ముప్పావు ఎకరం కాఫీ, దాని నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియం తీగలు. మరిది భార్య చెడ్డది కాదు, కానీ గంజి పోసేటప్పుడు గరిటెలోకి ఒకసారి చూసి పోస్తుంది. ఆ చూపు బుద్రమ్మ గుర్తు పెట్టుకుంది.

"ముసిల్దాన్నయినాక ఆ గరిటి కాసి సూడకూడదు బాబూ. నా బియ్యం నానే కొనుక్కోవాలి. ఈ కాయితంతో అది అవుద్దా, అవదా? అదొక్కటీ సెప్పు."

అవుతుందన్నాను. అలాంటి ప్రశ్నకు అంత తొందరగా జవాబు చెప్పకూడదని అప్పటికి నాకు తెలియదు.

ఉద్యోగులకైతే యజమాని కూడా కొంత వాటా వేస్తాడని, సొంత పని చేసుకునేవాళ్లకు ఆ వాటా వేసేవాడు ఉండడని వివరించాను.

"అయితే నా యజమాని ఎవులు?"

"నువ్వే."

"పనిమనిసి?"

"నువ్వే."

చేతికంటిన పసుపు దులుపుకుని లేచింది. "సరే. యజమానిని అడిగి సెప్తాను" అని పసుపు చేట తీసుకుని వెళ్లిపోయింది. రెండు వారాల తర్వాత సంతలో కనిపించింది. "ఒప్పుకున్నాది" అంది. బొటనవేలు పెట్టింది.

మిగతావాళ్లను నమ్మించడానికి నా దగ్గర ఒక ఉపాయం ఉండేది. అందరికన్నా ముందు నా ఖాతా నేనే తెరిచాను. ఆ పుస్తకం ఎప్పుడూ సంచిలో ఉండేది. ఎవరైనా అనుమానపడితే తీసి చూపించేవాణ్ణి: పైన నా పేరు, నా ఫొటో. "నేను తాగని మందు మీకు పొయ్యను" అనేవాణ్ణి. దాంతో సగం ఊరు చేరింది.

మొదటి తప్పు

చందా నెలనెలా ఖాతాలోంచి దానంతటదే పోయేలా పెట్టాను. శిక్షణలో అలాగే చెప్పారు. కొండ మీద నెల అనేది ఉండదని ఎవరూ చెప్పలేదు. కాఫీ డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, పళ్లు కోసి అమ్మాక. పసుపుదీ ఒకసారే. ఆషాఢం, శ్రావణాల్లో ఖాతాల్లో ఏమీ ఉండదు, ఇళ్లలో మామిడి టెంకల పిండి అంబలి ఉంటుంది. బ్యాంకు కంప్యూటరు మాత్రం ఒకటో తేదీన ఖాతాలో చెయ్యి పెట్టి, ఏమీ దొరక్క, జరిమానా రాసుకుని వెళ్లిపోయేది. మొదటి వానాకాలంలో ముప్పై ఖాతాలు మూతపడే దాకా వచ్చాయి.

బ్రాంచి మేనేజరు గారు నన్ను పిలిచారు. ఆయన గోడ మీద ఒక చార్టు ఉండేది, దాని మీద ఖాతాల లెక్క ప్రకారం మా మిషనువాళ్ల పేర్లు. నా పేరు చాలా కింద ఉండేది కాబట్టి నాతో మాట్లాడినప్పుడల్లా ఆయన వంగేవారు. "ఏడాదికి ఒకసారి కట్టే పద్ధతి ఉందిగా, ఎందుకు పెట్టలేదు?" అన్నారు. ఉందని నాకు తెలియదు. ఆయనకు తెలుసు, కానీ నేను అడగలేదట. ఆయన చెడ్డ బాస్ కాడు. అడిగినదానికి జవాబు చెప్పే బాస్. అడగడం మన పని. ఇది మీరు రాసి పెట్టుకోండి.

అందరి చందా కాఫీ డబ్బు వచ్చే నెలకు మార్చడానికి ఊరూరా మళ్లీ ఎక్కాను. ఆ నడకలో ఒక చిరుతపులి కూడా నా వెనక వచ్చింది. ఖాతా తెరవమని అడిగాను. వెళ్లిపోయింది.

రెండో తప్పు, పెద్దది

అసలు సమస్య చందా కాదు. అరవై ఏళ్లదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు అన్న మాట. "నా డబ్బు నాకియ్యడానికి నువ్వెవుడివి?" అని అడిగేవారు. రూలు చదివాను, కాగితం చూపించాను. లాభం లేకపోయింది.

ఒకరోజు మామిడి చెట్టు కింద ఉన్నాం. కాయలు నిగనిగలాడుతున్నాయి, ఒక్కరూ ముట్టుకోవడం లేదు. నేను ఒకటి కోయబోతే సోమన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మామిడి కొత్త ఇంకా కాలేదు. కొండ మీద ఏ పంటైనా చేతికి రాగానే తినరు. ఊరి దిసారి, అంటే వాళ్ల పూజారీ జ్యోతిష్కుడూ అయినవాడు, రోజు చూసి చెప్పాలి. దేవతకు పెట్టాలి, అప్పుడు అందరూ తినాలి. దాన్నే కొత్త అంటారు. మామిడికో కొత్త, సామకో కొత్త, కందికో కొత్త. అంతకుముందు ఆకలితో ఉన్నా సరే నోట పెట్టరు.

నాకు మెరుపు మెరిసింది. "ఇదీ అంతే! మీ పెన్షను డబ్బు పండుతోంది. అరవై ఏళ్లు కొత్త. కొత్త కాకుండా తింటామా?"

"ఆ మాట ముందే సెప్పొచ్చు గదా!" అన్నాడు సోమన్న. ఆ తర్వాత పదేళ్లలో ఆ ఊళ్లో ఒక్కరు కూడా మధ్యలో డబ్బు అడగలేదు. మిగతా మండలమంతా పెళ్లికో రోగానికో అడిగేవారు. ఈ ఊరు అడగలేదు. మేనేజరు గారి చార్టులో నా పేరు పైకి పాకింది. ఆయన ఇక వంగే అవసరం లేకపోయింది. ఆ ఉపమానాన్ని నేను పదకొండు ఊళ్లలో వాడాను. ఇంత గొప్ప మాట నాకే తట్టిందని కొన్నాళ్లు అద్దంలో ఎక్కువసేపు చూసుకున్నాను.

కొత్త గురించి నాకు తెలిసింది సగమే. మిగతా సగం పదేళ్ల తర్వాత తెలిసింది.

ఊరంతా వచ్చిన రోజు

సోమన్నకు అరవై నిండాయి. మూడు రోజుల ముందే వెళ్లి చెప్పాను: తాతా, నీ పెన్షను మొదలవుతుంది, ఆధార్ కార్డు పట్టుకుని సంతరోజు రా.

సంతరోజు సోమన్న వచ్చాడు. వెనక నలభై ఒక్కమంది వచ్చారు. డప్పుతో వచ్చారు. అందరి చేతుల్లో పుస్తకాలు. మధ్యలో బుద్రమ్మ కూడా ఉంది, మొహం మాడిపోయి.

"ఏమిటిది తాతా?"

"కొత్త గదేటి. అందరివీ తీసీ, బేగి."

"నీ ఒక్కడిదే అయింది. వీళ్లకింకా ఏళ్లు ఉన్నాయి."

సోమన్న నన్ను జాలిగా చూశాడు. "కొత్త ఒక్కడు సేసుకుంటాడేటి బాబూ? ఊరు ఊరంతా తినాల. ఒక్కడు తింటే దోసం. నువ్వే గదా కొత్తన్నావు."

ఆ సగం అదీ. కొత్త ఎవరికి వారు చేసుకునేది కాదు. ఒకరు తిన్న రోజే అందరూ తింటారు.

ఇప్పుడు ఆ నలభై ఒక్కమంది ఖాతాలు మూస్తే చేతికి వచ్చేది కొంతే. నెలనెలా పెన్షను అన్న మాట ఇక ఉండదు. ఆ కొంత కూడా వారం తిరక్కుండా ఇంటి రేకులుగా, మోటారు సైకిలు మొదటి వాయిదాగా మారుతుంది. బుద్రమ్మకు ముప్పై ఎనిమిదేళ్లు. పదేళ్లు యజమాని వాటా, పనిమనిషి వాటా ఒక్కతే కట్టింది. ఆమె ఒక్కతే మూయనంటే ఊరికి ఎదురు తిరిగినట్టు. తప్పు కట్టాలి, పండగకు పిలవరు, రేపు తోటలో పళ్లు కోయడానికి మనుషులు రారు.

"మిషను పని చెయ్యడం లేదు" అన్నాను. నేను మొదటిసారి నిజంగా సంతోషంగా ఆడిన అబద్ధం అదే. వాళ్లను ఒక్క వారం ఆపింది.

మేనేజరు గారి దగ్గరకు వెళ్లాను. విన్నారు. "పండగ అని చెప్పింది నువ్వేనా?"

"నేనే సార్."

"అయితే పండగ కాదని చెప్పి రా."

అడిగినదానికి జవాబు చెప్పే బాస్ అని ముందే అన్నాను.

రాళ్ల దగ్గర

వారం తర్వాత కొండెక్కాను. ఊరి చివర దేవత రాళ్ల దగ్గర అందరూ కూర్చున్నారు. దిసారి మధ్యలో, చుట్ట వెలిగించి. పక్కన బుద్రమ్మ చేటలో చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

కొత్త కాదని చెప్పడం మొదలుపెట్టాను. అది ఉత్త పోలిక అన్నాను. గవర్నమెంటు రూలు వేరన్నాను. చెమట పట్టింది. ఆ చెమటతో ఒక మడి నాటెయ్యొచ్చు.

దిసారి చుట్ట తీశాడు. "ఆరోజు మామిడి సెట్టు కింద కొత్తని నువ్వు అన్నావా, నేదా?"

"అన్నాను."

"దేవత ఇన్నాదా, నేదా?"

దానికి శిక్షణలో జవాబు లేదు. "విని ఉంటుంది" అన్నాను.

"మరింకేటి?"

అందరి ఖాతాలూ మూయడం సోమన్నకు కూడా ఇష్టం లేదని తర్వాత తెలిసింది, కానీ ఆయన నోరు తెరిస్తే ఒక్కడే తిన్నవాడవుతాడు. బుద్రమ్మ గింజలు ఒలవడం ఆపింది.

"దిసారి మావా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. మామిడి కొత్త సేసిన్రోజున కంది తింతామా?"

"తిక్కదానా, కంది ఎలా తింతామే? దానికింకా పువ్వయినా ఉండదు. అది పుష్యమాసం."

"మరి సామలు?"

"బాద్రపదం. నీకు తెల్దేటి?"

"తెలుసు మావా. అందుకే అడుగుతన్నాను. సోమన్న తాత మామిడి. పండీసినాడు. సూడు, ఎలగ ముగ్గిపోనాడో." అందరూ నవ్వారు, సోమన్న మీసం దువ్వుకున్నాడు. "నాను కందిని. నాకు పువ్వు నేదు, కాయ నేదు. మామిడి పండినాదని కంది మొక్క కోసీమంటే దోసం ఎవులికి? దేవతకి మొక్క పెడతావా?"

దిసారి చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. అది ఆరిపోయింది. ఆరిన చుట్టనే చాలాసేపు పీల్చాడు.

"కంది మొక్క కోస్తే దోసమే" అన్నాడు చివరికి.

ఆ తర్వాత జరిగిన గొడవకు మూడు కొండల అవతల పాచిపెంటలో కుక్కలు లేచి ఉంటాయి. ఎవరు ఏ పంట అన్నది తేలాలి కదా. యాభై దాటినవాళ్లంతా సామలమన్నారు. ఒక కుర్రాడు తను ముల్లంగినని, నలభై రోజుల్లో పండుతానని వాదించాడు. దిసారి వాడి చెవి మెలిపెట్టి అల్లంలో వేశాడు. వయసును బట్టి ఊరంతటికీ పంటలు పంచేసరికి పొద్దు గూకింది. నలభై ఒక్క పుస్తకాలు తిరిగి ఇళ్ల చూరుల్లోకి వెళ్లాయి.

సోమన్న మొదటి పెన్షను తీసుకున్న రోజు కొత్త చేశారు. పుస్తకానికి పసుపు రాసి రాళ్ల దగ్గర పెట్టి కోడిని కోశారు. ఆ డబ్బుతో సోమన్న బెల్లం కొని ఊళ్లో ఒక్కొక్కరికీ వేలెడు ముక్క పెట్టాడు. ఒక్కడు తిన్నట్టు ఉండకూడదుగా. ఆ పుస్తకాన్ని బ్యాంకులో ప్రింటరు మింగి మూడు రోజులు బయటికి వదల్లేదు. ఈ ఎర్రమరక ఏమిటని మేనేజరు గారు అడిగారు. అడిగినదానికి జవాబు చెప్పాను.

బెల్లం నోట్లో ఉండగా బుద్రమ్మ నా పక్కకు వచ్చింది. "మరి నీది ఏ పంట బాబూ?"

"పనస" అన్నాను.

"పనసా? ఆలీసంగా కాస్తాది. కాసినాదంటే మాత్రం ఊరంతా తినొచ్చు." తృప్తిగా తల ఊపి వెళ్లిపోయింది.

ఇక కల్పించింది

చిరుతపులి కాదు. చిరుత ఉంది, ఖాతా సంగతి మాత్రం నేను అడగలేదు, పరుగెత్తాను. నలభై ఒక్కమంది కాదు, ఇరవై చిల్లర. డప్పు మాత్రం నిజం. లంబసింగి వేలిముద్రకు మీ ఇష్టం వచ్చినంత తరుగు తీసుకోండి. బుద్రమ్మ మాటల్లో ఒక్క అక్షరం నాది కాదు. అంత తెలివి ఉంటే నేను మిషను మోసేవాణ్ణి కాదు.

కల్పించింది నా పుస్తకం. అందరికన్నా ముందు నేనే చేరాను అన్నాను చూశారా, అది. ఆ పుస్తకం మీద నా పేరూ ఫొటో నిజమే, నేనే అంటించుకున్నాను. లోపలి పేజీలు తెల్లవి. శిక్షణలో నమూనాకు ఇచ్చిన పుస్తకం అది. పదేళ్లకు పైగా కొండల మీద దాన్ని పైపైనే చూపించాను. లోపల తెరవమని ఒక్కరూ అడగలేదు. నేనూ సొంత పనివాణ్ణే, జీతం లేనివాణ్ణే, నాకూ వాటా వేసే యజమాని లేడు. కమిషను రాగానే ముందు అద్దె, తర్వాత పెట్రోలు, తర్వాత ఇంకేదో. వచ్చే నెల చూద్దాం అనుకుంటూ ఊళ్లో అందరి బొటనవేళ్లూ పెట్టించాను, ఒక్క నాది తప్ప.

పనస అని ఆమెకు చెప్పిన రోజున నేనింకా గింజ కూడా పాతలేదు.

ఆ రోజే కొండ దిగి ఇంటికి వెళ్లి మా ఆవిడకు ఆ తెల్ల పేజీల సంగతి చెప్పాను. అలవాటు ప్రకారం తరుగు తీయబోయి ఆగిపోయింది. ఈసారి తీయడానికి ఏమీ లేదు. సోమన్న చేరిన పథకంలోకి ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకోరు కాబట్టి, మర్నాడు బ్రాంచిలో, నా వయసువాళ్లను ఇంకా చేర్చుకునే పథకం ఏదైనా ఉందా అని మేనేజరు గారిని అడిగాను. ఉందన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

చందా ఎంత కట్టాలో మాత్రం అక్కడ చెప్పలేకపోయాను. యజమానిని అడిగి చెబుతానన్నాను. రెండు వారాలు పట్టింది. ఒప్పుకున్నాడు.